మూడు యుద్ధరంగాలు మోసిన జాకెట్: ఒక ఏ-2 తరహా తోలు కోటు పరీక్ష, విలువ నిర్ధారణ

అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, కొలంబస్ నగరంలో స్థిరపడిన గుంటూరు జిల్లా ఇంజినీరు ఒకరు, ఒక ఇంట్లో జరిగిన ఎస్టేట్ సేల్‌లో (చనిపోయినవారి ఇంటి సామాను అమ్మకంలో) 1,400 డాలర్లు పెట్టి కొన్న గోధుమరంగు తోలు జాకెట్‌ను పరీక్ష కోసం నా దగ్గరకు తెచ్చారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అస్సాం నుంచి హిమాలయాల మీదుగా చైనాలోని కున్మింగ్‌కు సరుకు చేరవేసిన అమెరికన్ విమానాల్లో ఆ ఇంటి పెద్దాయన పనిచేశారనీ, జాకెట్ ఆయనదేననీ అమ్మినవాళ్ళు నోటిమాటగా చెప్పారు. కాగితం మీద మాత్రం ఏమీ రాసివ్వలేదు. ఈయన నన్ను కోరినవి మూడు పనులు: జాకెట్ రెండో ప్రపంచయుద్ధంలో అమెరికన్ వైమానికులు వేసుకున్న అసలైన ఏ-2 రకం తోలు జాకెట్టో కాదో తేల్చాలి, బీమా కోసం విలువ కట్టాలి, అరిగిపోయిన కఫ్‌లనూ జిప్‌నూ యుద్ధకాలపు రకంతో మార్చాలి.

వీటికి ముందే ఒక సంగతి జరిగింది. పాత సైనిక దుస్తులు సేకరించేవారి సమావేశానికి ఆయన ఈ జాకెట్‌ను పట్టుకెళ్ళారు. "వాళ్ళు చేతిలోకి కూడా తీసుకోలేదు సార్. లైనింగ్ ఒకసారి చూసి పక్కన పెట్టేశారు. ఊరికే ఇస్తే తీసుకుంటారా అని నవ్వులాటకి అడిగితే అక్కర్లేదన్నారు. అంత పనికిమాలినదా?" అని అడిగారు. నకిలీ అని తేల్చి ఊరుకుంటే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. అందుకే జాకెట్ ఏమిటన్నదానితో పాటు, పాత వస్తువులంటే పడిచచ్చే మనుషులు దీన్ని ఎందుకు వద్దంటారన్నది కూడా ఈ నివేదికలో చేర్చాను.

వచ్చినప్పటి స్థితి

సైజు 44. ముందువైపు జిప్, రెండు మూత జేబులు, ఆ జేబుల వెనక పక్కనుంచి చేతులు దూర్చుకునే మరో అర, భుజపట్టీలు, ముంజేతుల దగ్గరా నడుము దగ్గరా అల్లిక పట్టీలు ఉన్నాయి. మోచేతుల వద్ద పైపూత పెచ్చులుగా లేచి, కింద లేత బూడిదరంగు తోలు కనిపిస్తోంది. లోపల పసిఫిక్ ద్వీపాల పటం అచ్చువేసిన నున్నని లైనింగ్ ఉంది. కుడి చంక కింద అది బెత్తెడు మేర చిరిగింది. ఎడమ భుజం మీద చైనా-బర్మా-ఇండియా యుద్ధరంగపు తోలు ప్యాచ్, కుడి భుజం మీద ఇంగ్లండ్ నుంచి పోరాడిన ఎనిమిదో వైమానిక దళపు ప్యాచ్, వీపు మీద చైనా జాతీయవాద ప్రభుత్వ పతాకమూ చైనా లిపిలో రాతా ఉన్న గుడ్డముక్క కుట్టి ఉన్నాయి. ఆ గుడ్డముక్కను బ్లడ్ చిట్ అంటారు. "యుద్ధంలో సాయానికి చైనాకు వచ్చిన విదేశీయుడితడు, సైనికులూ ప్రజలూ ఇతన్ని కాపాడాలి" అన్నది దాని సారాంశం. 1941 డిసెంబరు నుంచి 1942 జూలై దాకా చైనా తరఫున పోరాడిన, షెనాల్ట్ నడిపిన అమెరికన్ స్వచ్ఛంద వైమానికుల దళం, అంటే ఫ్లయింగ్ టైగర్స్, వల్ల ఇది లోకానికి తెలిసింది.

ఒకే జాకెట్ మీద ఇంగ్లండ్, చైనా, పసిఫిక్ మూడూ ఉన్నాయి. ఒక దళం నుంచి మరో దళానికి మారినవారు లేకపోలేదు కానీ, ఈ లెక్కన ఈ వైమానికుడు యుద్ధమంతా ఒంటిచేత్తో నడిపి ఉండాలి. అయితే అలంకారాలను బట్టి తీర్పు చెప్పడం తొందరపాటు అవుతుంది. అసలైన జాకెట్‌కు కూడా తర్వాతి యజమాని ఏదైనా కుట్టించుకోవచ్చు. కనుక ప్యాచ్‌లను పక్కన పెట్టి, ముందు జాకెట్ సంగతి చూశాను.

ఏ-2 అని దేన్ని అనాలి

అమెరికన్ సైన్యపు వైమానిక విభాగం 1931 మే నెలలో ఏ-2ను అధికారికంగా ఆమోదించింది. దానికి ముందున్న ఏ-1కు బొత్తాలూ, మెడకు ఊలు అల్లికా ఉండేవి. ఏ-2కు జిప్, తోలు కాలరు వచ్చాయి. డ్రాయింగ్ సంఖ్య 30-1415. ఈ ఒక్క డ్రాయింగ్ ఆధారంగా బీకన్‌లోని ఏరో లెదర్, మిడిల్‌టౌన్‌లోని రఫ్ వేర్, షికాగోలోని డూబో, న్యూబర్గ్‌లోని పెర్రీ స్పోర్ట్స్‌వేర్ వంటి అనేక సంస్థలు కాంట్రాక్టు మీద జాకెట్లు కుట్టాయి. డ్రాయింగ్ ఒకటే అయినా ఒక్కొక్కరి కాలరు కోత, జేబు మూత వంపు వేరు. అనుభవజ్ఞులు లేబుల్ చూడకుండానే కాలరు చూసి తయారీదారును చెప్పగలరు. 1943లో వైమానిక దళాధిపతి జనరల్ ఆర్నాల్డ్ తోలు జాకెట్ల కొత్త కొనుగోళ్ళను ఆపించారు. గుడ్డతో కుట్టిన బీ-10 వాటి స్థానంలోకి వచ్చింది.

కాబట్టి యుద్ధకాలపు ఏ-2 అన్నది పన్నెండేళ్ళ పరిధిలో పుట్టిన వస్తువు. అందులో ఎక్కువ భాగం గుర్రపు తోలు, కొంత మేకతోలు. వీపు భాగం ఒకే ముక్క. లైనింగ్ తొలినాళ్ళలో పట్టు, తర్వాత నూలు. అల్లిక పట్టీలు ఊలువి. కాలరు కొనలు దాచిన టిచ్ బటన్లతో నిలుస్తాయి, మెడ దగ్గర చిన్న కొక్కెం ఉంటుంది. లోపలి జేబు లేదు. పక్కనుంచి చేతులు పెట్టుకునే జేబులూ లేవు. యూనిఫారంలో ఉన్నవాడు జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడటాన్ని సైన్యం మెచ్చదు.

పరీక్ష

పక్క జేబులు చూడగానే సగం తేలిపోయింది. ఏ-2లో పక్క జేబులు అధికారికంగా వచ్చింది 1980ల చివర్లో అమెరికన్ వైమానిక దళం ఈ జాకెట్‌ను మేకతోలుతో తిరిగి ప్రవేశపెట్టిన తర్వాతే, అదీ 1990లలో చేసిన సవరణలతోనే. ఇక ఈ జాకెట్ వీపు ఒకే ముక్క కాదు. భుజాల కింద అడ్డంగా ఒక కుట్టు ఉంది. పెద్ద తోళ్ళు ఖరీదు కనుక చిన్న తోళ్ళను అతికి కుట్టడం బజారు తయారీలో మామూలే. కోత కూడా వదులు: చంకలు కిందికి దిగి, భుజాలు జారి, చేతులు లావుగా ఉన్నాయి. యుద్ధకాలపు ఏ-2 వేసుకున్న మనిషి, చంక కోత ఎత్తుగా ఉండటం వల్ల, కాస్త బిగుతుగానే కనిపిస్తాడు. జిప్ తలకాయ మీద వైకేకే అని ఉంది. ఏ-2 జాకెట్లలో కనిపించేవి టాలన్, క్రౌన్, కాన్‌మార్ వంటి అమెరికన్ జిప్‌లు. వైకేకే జపాన్ సంస్థ, అది అమెరికాలో అడుగుపెట్టింది 1960లో. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. టాలన్ యుద్ధం తర్వాత కూడా దశాబ్దాల పాటు జిప్‌లు చేసింది. పైగా పాత జాకెట్ల నుంచి ఊడదీసిన టాలన్ జిప్‌లు విడిగా అమ్ముడవుతాయి. కనుక కొత్త జిప్ ఉంటే అనుమానించాలి గానీ, పాత జిప్ ఉన్నంత మాత్రాన నమ్మకూడదు.

లేబుల్ దగ్గర ఎక్కువసేపు ఆగాల్సి వచ్చింది. మెడ కింద నేసిన లేబుల్ మీద "టైప్ ఏ-2" అనీ, దాని కింద కాంట్రాక్టు సంఖ్యలా కనిపించే అంకెలూ ఉన్నాయి. అసలు లేబుల్‌లో ఉండే డ్రాయింగ్ సంఖ్య, ఆర్డరు సంఖ్య, "అమెరికన్ సైన్యపు వైమానిక దళ ఆస్తి" అన్న పంక్తి, ఏవీ లేవు. లేబుల్ అడుగు అంచును కత్తెరతో తిన్నగా కత్తిరించారు. నేత పోగులు అక్కడ చీలి ఉన్నాయి. ఏదో తీసేశారంటే, తీసినవాడు మరిచిపోయింది కూడా ఎక్కడో ఉంటుంది. లైనింగ్‌ను ఎడమ పక్క కుట్టు దగ్గర తిరగేసి భూతద్దంతో చూస్తే, కుట్టులో ఇరుక్కున్న రెండు తెల్లటి పట్టీల మొదళ్ళు దొరికాయి. గోరంచు మందం కూడా లేవు. ఒకదాని మీద ఆర్, ఎన్ అనే అక్షరాలూ, వాటి పక్కన ఒక అంకె పైసగమూ మిగిలాయి. రెండోదాని మీద ఒక దేశం పేరులోని చివరి మూడు అక్షరాలు, ఆర్, ఈ, ఏ. ఆర్‌ఎన్ అంటే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దుస్తుల వ్యాపారులకు ఇచ్చే నమోదు సంఖ్య. ఈ సంఖ్యలు 1950ల నుంచి వాడుకలోకి వచ్చాయి. ఇక దేశం పేరు కొరియా. 1980లలో అమెరికా దుకాణాల్లో వేలాడిన తోలు జాకెట్లలో పెద్ద వాటా దక్షిణ కొరియాదే. దిగుమతి అయిన వస్తువు మీద తయారైన దేశం పేరు ఉండి తీరాలన్నది అమెరికా చట్టం. కుట్టినవాళ్ళు ఆ చట్టాన్ని పాటించారు. ఆ పట్టీని కత్తిరించింది తర్వాతివాళ్ళు. ఈ తేడా నివేదికకు ముఖ్యం.

దారం పరీక్ష చిన్నది గానీ ఖాయమైనది. జేబు లోపలి కుట్టు నుంచి అరంగుళం దారం తీసి, చిమటాతో పట్టుకుని మంటకు చూపాను. నూలు దారమైతే కాగితంలా అంటుకుని, కాగితం వాసనతో కాలి, వేళ్ళ మధ్య నలిగిపోయే బూడిద మిగులుతుంది. ఇది మంట తగలకముందే ముడుచుకుపోయింది, కరిగింది, చల్లారాక గట్టి నల్లపూస అయింది. పాలిస్టర్. ఈ దారం అమెరికాలో వాణిజ్యపరంగా మార్కెట్లోకి వచ్చింది 1950ల మొదట్లో. అతినీలలోహిత దీపం కింద కూడా కుట్లన్నీ నీలితెలుపుగా వెలిగాయి. ఈ దీపాన్నే నమ్ముకుని తీర్పు చెప్పేవారిని చాలామందిని చూశాను; అది సరికాదు. ఆధునిక డిటర్జెంటుతో ఒక్కసారి ఉతికితే చాలు, అసలైన 1942 నాటి నూలు లైనింగ్ కూడా అలాగే వెలుగుతుంది. వెలగకపోతే అది మంచి సూచన, వెలిగితే మాత్రం మరో పరీక్ష కావాలి.

తోలు విషయానికొస్తే, ముందంచు లోపలి మడత నుంచి బియ్యపుగింజంత ముక్క తీశాను. కోసిన అంచు నీలిబూడిద రంగులో ఉంది. ఇనుప లవణపు ద్రావణం చుక్క వేస్తే రంగు మారలేదు. చెట్టు బెరళ్ళతో పదును చేసిన తోలైతే, అందులోని టానిన్ ఇనుముతో కలిసి చుక్క పడినచోట క్షణాల్లో సిరానలుపు పాకుతుంది. కాబట్టి ఇది క్రోమ్‌తో పదును చేసిన తోలు. క్రోమ్ పద్ధతి 19వ శతాబ్దం చివరినాటిదే కనుక దీని ఒక్కదానివల్ల కాలం తేలదు. కానీ పైపూతను కొద్దిగా తొలగించి రోమకూపాలు చూస్తే గుర్రమూ కాదు, మేకా కాదు, గొర్రె. పలచని గొర్రెతోలు మీద దట్టమైన రంగుపూత వేసి, మందంగా కనిపించేలా చేశారు. మోచేతుల వద్ద పెచ్చులు లేచింది ఆ పూతే.

లైనింగ్ కృత్రిమ సాటిన్. యుద్ధంలో వైమానికులకు గుడ్డ మీద అచ్చువేసిన పటాలు ఇచ్చిన మాట నిజం. బ్రిటిష్‌వాళ్ళు పట్టు మీద, అమెరికన్లు రేయాన్ మీద అచ్చువేశారు. కూలిన విమానం నుంచి తప్పించుకునేవాడు మడిచి జేబులో పెట్టుకునే సామగ్రి అది. జాకెట్‌కు లైనింగ్‌గా వేస్తే, దారి చూసుకోవాలంటే చలిలో జాకెట్ విప్పాలి! ఇక్కడి పటంలో ఎడమ పక్కన ఉన్న ద్వీపసమూహమే కుడి చంక దగ్గర మళ్ళీ ప్రత్యక్షమవుతోంది, ఎందుకంటే ఇది గజాల లెక్కన అచ్చయిన డిజైన్ గుడ్డ. సమావేశంలో వాళ్ళు లైనింగ్ ఒక్కటే చూసి పక్కన పెట్టడానికి కారణం ఇదే.

వీటన్నిటితో పాటు మరొకటి గమనించాను: ఎడమ రొమ్ము మీద పేరుపట్టీ కుట్టిన ఆనవాలే లేదు. వైమానికులు అక్కడ తోలు పేరుపట్టీ కుట్టించుకోవడం సాధారణం. తోలులో ఒకసారి పడిన సూది రంధ్రం పూడదు. జాకెట్ 1980ల రెండో సగంలో కొరియాలో కుట్టిన, అమెరికన్ దుకాణాల కోసం తయారైన వాణిజ్య దుస్తు అన్న నిర్ధారణకు వచ్చాను.

ఎవరికీ ఎందుకు అక్కర్లేదు

యుద్ధం తర్వాత తయారైంది కనుక వద్దంటున్నారని చాలామంది అనుకుంటారు. అది కారణం కాదు. నౌకాదళపు జీ-1 జాకెట్‌నే చూడండి. 7823 అన్న సైనిక నిర్దేశం కింద అక్షరం మారుతూ దశాబ్దాల పాటు వచ్చిన ఆ జాకెట్లకు ఒక్కో అక్షరానికి ఒక్కో అభిమానవర్గం ఉంది. అసలైన గొర్రెబొచ్చు కాలరున్న తొలి రకాలకు గిరాకీ ఎక్కువ, కృత్రిమ బొచ్చు కాలరున్న చివరి రకాలకు తక్కువ. కానీ తక్కువవాటికీ కొనేవారున్నారు. అమెరికన్ వైమానికుల నైలాన్ జాకెట్ ఎంఏ-1 పూర్తిగా యుద్ధానంతరపుది, దానికీ సేకర్తలున్నారు. అక్కడ చూసేది ప్రభుత్వ కాంట్రాక్టు లేబుల్. సంఖ్య ముందు డీఎస్‌ఏ (అమెరికా రక్షణ సరఫరా సంస్థ పేరు పొడి అక్షరాలు) ఉంటే 1977కు ముందుది, డీఎల్‌ఏ (అదే సంస్థ కొత్త పేరు) ఉంటే తర్వాతది, సంఖ్య మధ్యలో వచ్చే రెండంకెలు సంవత్సరం. పదమూడు అంకెల జాతీయ స్టాకు సంఖ్య ఉంటే 1974 లేదా ఆ తర్వాతది. అదే కర్మాగారం అదే మిషన్ మీద బజారు కోసం కుట్టిన ఎంఏ-1కు ఈ సంఖ్యలుండవు, వెల సగం కూడా పలకదు. 1980ల చివర వైమానిక దళం పంచిన మేకతోలు ఏ-2ను ఎవరూ నెత్తిన పెట్టుకోరు గానీ, అది నిజంగా ఒక సైనికుడికి జారీ అయిన వస్తువు. దానికి ఒక స్థానం ఉంది.

అంటే సేకర్త కొనేది తోలును కాదు, ఆధారాన్ని. ఆధారం అక్కర్లేనివారు మరో రకం. వాళ్ళకు కావలసింది సరైన కోత, సరైన తోలు, వేసుకుంటే 1942 నాటి మనిషిలా కనిపించడం. వాళ్ళ కోసం 1980ల నుంచి, మరీ ముఖ్యంగా 1990లలో, జపాన్‌లో బజ్ రిక్సన్స్, బ్రిటన్‌లో ఈస్ట్‌మన్ వంటి సంస్థలు పాత జాకెట్లను కుట్టు కుట్టుగా గమనించి, ఫలానా కాంట్రాక్టుదారు ఫలానా ఆర్డరు అన్నంత కచ్చితంగా నకళ్ళు చేయడం మొదలుపెట్టాయి. నా అంచనాలో ఈ జాకెట్ల పతనానికి అసలు కారణం అదే. అంతకు ముందు ఏ-2 వేసుకోవాలని ముచ్చటపడిన మామూలు మనిషికి బజారులో దొరికింది ఇలాంటివే. 1986లో నౌకాదళ పైలట్ల మీద వచ్చిన హాలీవుడ్ సినిమా 'టాప్ గన్' తర్వాత ఇవి లక్షణంగా అమ్ముడుపోయాయి. ఈరోజు వీటిని చూసి మొహం తిప్పుకునే పెద్దవారిలో కొందరు కుర్రతనంలో వీటిని మోజుపడి కొన్నవాళ్ళే. మంచి నకలు వచ్చాక వీటికున్న ఒక్క ఉపయోగమూ పోయింది. అసలు జాకెట్‌తో పోలిస్తే ఆధారం లేదు, నకలుతో పోలిస్తే కోత లేదు, కొత్త తోలు జాకెట్‌తో పోలిస్తే కొత్తదనం లేదు.

మరో కారణం ఉంది, దాన్ని బయటికి ఎవరూ అంతగా చెప్పరు. మోసానికి ఇవి ముడిసరుకు. ముప్పై నలభై ఏళ్ళు వాడిన తోలుకు ముడతలూ అరుగుదలా వాటంతటవే వస్తాయి. లేబుల్ కత్తిరించి, నాలుగు ప్యాచ్‌లు కుట్టి, చనిపోయిన పెద్దాయన ఇంట్లో దొరికిందంటే, తెలియనివారికి నమ్మకం కుదురుతుంది. అందుకే పేరున్న సేకర్త తన అలమరలో ఇలాంటిది ఉండనివ్వడు. రేపు తన సామాను అమ్మకానికి వచ్చినప్పుడు, ఈ ఒక్క జాకెట్ చూసి మిగతావాటిని కూడా శంకిస్తారు. పప్పులో రాయి తగిలాక ప్రతి ముద్దనూ నెమ్మదిగా నమిలినట్టే ఉంటుంది కొనేవాడి పరిస్థితి.

ఇందులో నాకు కష్టంగా తోచేది ఏమిటంటే, జాకెట్‌ను కుట్టినవాళ్ళు ఎవరినీ మోసం చేయలేదు. దేశం పేరు రాశారు, నమోదు సంఖ్య రాశారు, పాతకాలపు సొగసున్న ఒక చలికోటు అమ్మారు. ఏ అలంకారమూ లేకుండా ఉండి ఉంటే దీన్ని సెకండ్‌హ్యాండ్ దుకాణంలో కాలేజీ పిల్లలెవరైనా సంతోషంగా కొనుక్కునేవారు. విలువ పెంచాలని కుట్టిన ప్యాచ్‌లే దాన్ని తగ్గించాయి.

ఎడమ భుజం ప్యాచ్

ప్యాచ్‌లన్నిటినీ ఒకే గాటన కట్టేసి ఉంటే ఈ కేసు ఇక్కడితో అయిపోయేది. ఎనిమిదో వైమానిక దళపు ప్యాచ్ మిషన్ ఎంబ్రాయిడరీ. పోగులన్నీ దీపం కింద వెలిగాయి, వెనక ప్లాస్టిక్ పూత ఉంది. ఈ కాలపు జ్ఞాపికల దుకాణపు సరుకు. వీపు మీది గుడ్డ కూడా అలాంటిదే. దాని మీది వరస సంఖ్యతో సహా చిత్రమంతా ఒకే అచ్చులో పడింది.

చైనా-బర్మా-ఇండియా ప్యాచ్ మాత్రం దీపం కింద వెలగలేదు. ఆ డాలు ఆకారంలో కింద ఎరుపు తెలుపు నిలువు చారలు, పైన నీలం పట్టీ మీద ఒకపక్క చైనా సూర్యుడు, మరోపక్క భారత నక్షత్రం ఉంటాయి. ఇక్కడ ఒక్కో రంగుకు ఒక్కో తోలుముక్క విడిగా కోసి, ఒకదానిపై ఒకటి అమర్చి కుట్టారు. సూర్యుడి కిరణాలు పన్నెండూ సమానంగా లేవు. రెండు చోట్ల కత్తి కాస్త ఎక్కువ తెగింది. యుద్ధకాలంలో కలకత్తా వంటి చోట్ల స్థానిక పనివారు అమెరికన్ సైనికులకు ఇలాంటి తోలు ప్యాచ్‌లనూ, జరీ పని ప్యాచ్‌లనూ చేసి అమ్మారు. అవి ఇప్పుడు సేకర్తలకు ఇష్టమైన వస్తువులు. వాటికి నకళ్ళూ ఉన్నాయి కనుక వరసగా చూసుకుంటూ వెళ్ళాను.

అంచు చుట్టూ రెండు వరసల సూది రంధ్రాలున్నాయి. బయటి వరస సన్నగా, దగ్గరదగ్గరగా, ఇప్పటి పాలిస్టర్ దారంతో నిండి ఉంది. లోపలి వరస ఎడంగా, చేత్తో కుట్టినట్టు వంకరగా ఉంది. వాటిలో మూడు రంధ్రాల్లో నూలు పోగులు మిగిలాయి. అంటే ఈ ప్యాచ్ ఇంతకుముందు మరో దుస్తు మీద చాలాకాలం ఉండి, తర్వాత ఇక్కడికి వచ్చింది. ఒక అంచున కుట్టు విప్పి కింద చూస్తే, జాకెట్ తోలు మీద చుట్టుపక్కల ఉన్న ముడతలే ప్యాచ్ కింద కూడా సాగాయి, రంగు వెలవడంలో తేడా లేదు. జాకెట్ బాగా వాడి అరిగిన తర్వాతే ప్యాచ్ కుట్టారన్నమాట.

వెనకవైపు నుంచి గీరిన పొడి మీద ఇనుప లవణపు చుక్క వేశాను. నల్లబడింది. బెరడుతో పదును చేసిన తోలు. మన దక్షిణాది తోలు పరిశ్రమ తెలిసినవారికి ఇది కొత్త కాదు. మద్రాసు రేవు నుంచి శతాబ్దానికి పైగా ఎగుమతైన తోళ్ళను తంగేడు చెక్కతో పదును చేసి, చివర కరక్కాయ రసంలో వేసేవారు. ఈ ముక్క ఏ ఊరి తోలో ఈ పరీక్ష చెప్పదు, నేనూ చెప్పను. పదును పద్ధతి, దారం, పనితనం, పాత రంధ్రాలు నాలుగూ ఒకే కాలం వైపు చూపడం వల్ల, "యుద్ధకాలంలో భారతదేశంలో చేసినదిగా భావించడానికి తగిన ఆధారాలున్నాయి" అని రాశాను. ఆ ఇంటి పెద్దాయన అస్సాంలో పనిచేశారన్న కథలో నిజం ఉంటే, అది ఈ ప్యాచ్‌కు సంబంధించింది కావచ్చు, జాకెట్‌కు కాదు.

చేసిన పని, చేయనిది

కఫ్‌లనూ జిప్‌నూ యుద్ధకాలపు రకంతో మార్చడానికి నేను ఒప్పుకోలేదు. 1942 నాటి టాలన్ జిప్, ఊలు కఫ్‌లు, నూలు దారం వేసి ఇస్తే, నేను రాసిన పరీక్షల్లో కొన్ని ఇక దీని మీద పనిచేయవు. తర్వాతి కొనుగోలుదారును మోసగించే పనిలో సగం నేనే పూర్తిచేసినట్టవుతుంది. బదులుగా కఫ్‌లను ఇప్పటి మామూలు అల్లికతో మార్చాను. జిప్ బాగానే ఉంది, తలకాయ సరిచేశాను. బూజును మెత్తని బ్రష్‌తో దులిపి, నీళ్ళు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, గాలి ఆడేచోట ఆరనిచ్చాను. మోచేతుల వద్ద పెచ్చులను మృదువైన యాక్రిలిక్ బంధకంతో అంటించాను. కొత్త రంగు వేయలేదు. చిరిగిన పటానికి లోపలినుంచి అతుకు వేశాను.

యజమాని అనుమతితో ఎడమ భుజం ప్యాచ్‌ను తీసేశాను. పాలిస్టర్ కుట్లను వెనకవైపు నుంచి ఒక్కొక్కటిగా తెంచి, పాత రంధ్రాల్లోని నూలు పోగులు కదలకుండా వదిలి, నూలుగుడ్డ చుట్టిన ఆమ్లరహిత అట్ట మీద అమర్చి, జాకెట్ మీద ఉన్నప్పటి ఫోటోలతో కలిపి ఇచ్చాను. వీపు మీది గుడ్డను మాత్రం తీయలేదు. చుట్టూ మిషన్ కుట్టు దగ్గరగా ఉంది. తీస్తే ఆ పలచని గొర్రెతోలులో చిల్లుల గీత మిగిలి, చేతులు ముందుకు చాచినప్పుడు అక్కడే చిరుగుతుంది.

విలువలను విడివిడిగా రాశాను. జాకెట్, వాడిన వాణిజ్య దుస్తుగా, 90 డాలర్లు. ప్యాచ్ 120 డాలర్లు. అమ్మినవాళ్ళు రాతపూర్వకంగా ఏమీ చెప్పలేదు కనుక మిగతా సొమ్ము అడగడానికి ఆయన దగ్గర పట్టు లేదు. బీమా సంస్థకు పంపాల్సింది ప్యాచ్ వివరమే. జాకెట్ ఇంట్లోని మిగతా బట్టలతో పాటు లెక్కకు వస్తుంది.

చివరగా లోపలి జేబు అంచున ఒక నూలు పట్టీ కుట్టాను. దాని మీద చెరగని సిరాతో, 1980లలో కొరియాలో తయారైన వాణిజ్య జాకెట్ అనీ, ఎడమ భుజం ప్యాచ్ వేరే దుస్తు నుంచి వచ్చింది కనుక తొలగించామనీ రాసి ఉంది. యజమాని కాస్త తటపటాయించారు. "ఇది కుడితే మళ్ళీ అమ్ముడుపోదేమో సార్" అన్నారు. తొంభై డాలర్లకు అమ్ముడుపోతుందని చెప్పాను. ఒప్పుకున్నారు. లైనింగ్ ఎవరైనా మార్చినా పట్టీ పోకుండా ఉండాలని, దాన్ని పటం గుడ్డకు కాకుండా ముందంచు తోలుకే పట్టి కుట్టాను.